మంట ఒకటే, మూలాలు వేరు
(సురవరం ప్రతాపరెడ్డి స్మారకోపన్యాసం, వనపర్తి)



సురవరం ప్రతాపరెడ్డిగారు 1896లో నేటి జోగులాంబ గద్వాల జిల్లా బోరవెల్లిలో పుట్టారు. వారి స్వగ్రామం ఇటిక్యాలపాడు. 1926లో గోలకొండ పత్రిక స్థాపించారు. 1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. 1952 ఎన్నికల్లో ఈ వనపర్తి ప్రజలే ఆయనను శాసనసభకు పంపించారు. మరుసటి ఏడే, 1953 ఆగస్టులో, ఆయన మనల్ని విడిచి వెళ్లారు. ఇదంతా మీకు తెలిసిందే. పిల్లలున్న సభ కాబట్టి మరోసారి చెప్పుకోవడం మన విధి.

తెలంగాణలో కవులు లేరన్న మాట అచ్చులో కనబడినప్పుడు ఆయన కోపంతో నాలుగు మాటలని ఊరుకోలేదు. కవుల వివరాలు, పద్యాలు సేకరించి, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల దండయాత్రల్ని పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఎలా బతికారు అని వెతికారు. ఆ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. లోకం అనుకునేదాన్ని ఆధారంతో పరీక్షించడం, సామాన్యుడి రోజువారీ బతుకును పట్టించుకోవడం, ఈ రెండూ ఆయన మనకిచ్చిన ఆస్తి. నేను పాథాలజిస్టును. కడుపులోంచి తీసిన ముక్కల్ని సూక్ష్మదర్శిని కింద చూడటం నా పని. ఆయన పేరుమీద మాట్లాడమన్నప్పుడు, పాలమూరు ఇళ్లల్లో దాదాపు ప్రతివారూ ఏదో ఒకనాడు చెప్పుకునే కడుపుమంట గురించే మాట్లాడాలనుకున్నాను.

నేను చెప్పదలచింది ఒక్కటే. కడుపు పైభాగపు లోపలి పొరలో శోథ (వాపు) రావడానికి, అక్కడి కణాలు రూపం మార్చుకోవడానికి రెండు పెద్ద దారులున్నాయి. ఒకటి, చిన్నతనంలో ఇంట్లోనే అంటుకున్న క్రిమి. రెండు, పెద్దయ్యాక పైకి ఎగదన్నే ఆమ్లం. బాధ రెండింట్లోనూ ఒకటే. చేయవలసిన వైద్యం వేరు. ఏ దారో తెలుసుకోకుండా ఏళ్లతరబడి మంటను మాత్రం అణచుకుంటూ పోవడం మన దగ్గర పాతుకుపోయిన తప్పు. ఈ మాటను వరసగా ఏడు భాగాల్లో మీ ముందుంచుతాను.

1. ఎక్కడి సంగతి ఇది?

మనం మింగిన ముద్ద సుమారు 25 సెంటీమీటర్ల పొడవున్న అన్నవాహిక గుండా దిగి కడుపులో పడుతుంది. అన్నవాహిక లోపలి పొరలో బల్లపరుపు కణాలు అనేక వరసలుగా ఉంటాయి. కడుపు లోపలి పొరలో పొడుగాటి కణాలు ఒకే వరసలో ఉంటాయి. ఎండోస్కోపీలో చూస్తే ఈ రెండూ కలిసేచోట వంకరటింకర గీత కనిపిస్తుంది. పైన పాలిపోయిన గులాబీ రంగు, కింద ముదురు ఎరుపు. ఆ గీత కిందుగా కొద్ది మిల్లీమీటర్ల నుంచి ఒకటి రెండు సెంటీమీటర్ల వరకు ఉండే పట్టీని కార్డియా అంటాం. ఈ సాయంత్రం మన దృష్టంతా ఆ పట్టీ మీదే.

కార్డియా గ్రంథులు ముఖ్యంగా జిగురును తయారుచేస్తాయి. ఆమ్లాన్ని తయారుచేసే పెరైటల్ కణాలు దాని పక్కనున్న ఫండస్‌లోనూ, కడుపు నడుమ భాగంలోనూ నిండుగా ఉంటాయి. ఖాళీ కడుపులో ఆమ్లపు పీహెచ్ 1 నుంచి 2 వరకు ఉంటుంది. అంత ఘాటైన ద్రవం తన గోడనే తినేయకుండా ఉండటానికి కడుపుకు రెండు రక్షణలున్నాయి. ఒకటి, బైకార్బనేటు కలిసిన జిగురుపొర. రెండు, ఉపరితల కణాలు కొద్ది రోజులకోసారి రాలిపోయి కొత్తవి రావడం. దెబ్బ తగిలే వేగం మరమ్మతు వేగాన్ని మించిన రోజున శోథ మొదలవుతుంది. రక్తంలోని తెల్లకణాలు ఆ చోటికి వచ్చి చేరతాయి.

ఈ పట్టీ పుట్టుకతో వచ్చేదా, తర్వాత ఏర్పడేదా అన్న దానిమీద కూడా పెద్ద వాదం నడిచింది. లాస్ ఏంజెలెస్‌లో పనిచేసిన పాథాలజిస్టు పారా చంద్రసోమ, ఆయన సహచరులు ఇది ఆమ్లం తాకిడి వల్ల తర్వాత ఏర్పడేదే అన్నారు. గర్భస్థ శిశువుల, పసిపిల్లల కడుపులు పరీక్షించిన ఇతరులు అక్కడా సన్నటి పట్టీ ఉందని చూపారు. ఉన్న ఆధారాలను బట్టి నాకు సబబుగా తోచేది ఇది: పుట్టుకతో సన్నగా ఉంటుంది, దెబ్బలు తిన్నకొద్దీ వెడల్పవుతుంది. స్కాట్లాండులోని గ్లాస్గో పరిశోధకులు 2013లో ఏ బాధా లేని ఆరోగ్యవంతుల్ని పరీక్షించినప్పుడు, నడుం చుట్టుకొలత ఎక్కువున్నవారిలో ఈ పట్టీ పొడవు కూడా ఎక్కువగా ఉంది. మంట తెలియకముందే మార్పు మొదలవుతుందని దీన్నిబట్టి గ్రహించాలి.

2. మొదటి దారి: ఇంట్లో అంటుకున్న క్రిమి

కడుపు ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని డాక్టర్లు చాలాకాలం నమ్మారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో పాథాలజిస్టు రాబిన్ వారెన్ 1979లో ఒక ముక్కలో వంపు తిరిగిన సన్నటి క్రిముల్ని చూశారు. ఆయనతో చేరిన యువవైద్యుడు బారీ మార్షల్ వాటిని పెంచబోతే ఎన్నాళ్లకూ పెరగలేదు. 1982 ఈస్టర్ సెలవులకు అందరూ వెళ్లిపోవడంతో, క్రిముల్ని పెంచే, మామూలుగా రెండు రోజులకు పారేసే పలకలు ఐదు రోజులు అలాగే ఉండిపోయాయి. వచ్చి చూస్తే క్రిమి పెరిగి ఉంది. అయినా లోకం ఒప్పుకోలేదు. 1984లో మార్షల్ ఆ క్రిముల్ని తానే తాగారు. పది రోజులకు తీసిన ముక్కలో ఆయన కడుపులో శోథ స్పష్టంగా కనిపించింది. ఇద్దరికీ 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. మధ్యలో 1994లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ క్రిమిని, అంటే హెలికోబాక్టర్ పైలోరీని, మనుషుల్లో క్యాన్సర్ కలిగించే కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

ఇది బతికే ఉపాయాన్ని విద్యార్థులు కళ్లారా చూడాలి. ఎండోస్కోపీ గదిలో, బియ్యపుగింజకన్నా చిన్న ముక్కను యూరియా ఉన్న పసుపు రంగు బిళ్లలో గుచ్చుతారు. క్రిమి ఉంటే కాసేపటికి ముక్క చుట్టూ గులాబీ రంగు పుడుతుంది. మెల్లగా అది పాకి బిళ్లంతా ముదురు గులాబీ అవుతుంది. క్రిమి దగ్గరున్న యూరియేజ్ అనే ఎంజైము యూరియాను విరిచి అమ్మోనియా చేస్తుంది. కడుపులోనూ అదే చేస్తుంది. తన చుట్టూ ఆమ్లాన్ని చల్లార్చుకుని, తోకల్లాంటి పోగులతో ఈదుకుంటూ జిగురుపొర అడుగుకు చేరుతుంది. అక్కడికి చేరాక మందులతో తరిమితే తప్ప సాధారణంగా జీవితాంతం ఉంటుంది. అది విడిచే విషపదార్థాలకు, మన శరీరం దానిపై చేసే పోరాటానికి మధ్య పొర నలిగిపోతుంది.

ఎక్కువగా ఇది బాల్యంలోనే అంటుకుంటుంది. తల్లి నుంచి, తోబుట్టువుల నుంచి, వాంతి ద్వారా, మలంతో కలుషితమైన నీటి ద్వారా వస్తుంది. అన్నం నమిలి పసివాళ్ల నోట్లో పెట్టడం కూడా దానికి దారే. ఒకే గదిలో అయిదారుగురు పడుకునే ఇల్లు దానికి అనువు. మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా ఈ క్రిమి ఉన్నవారే. హైదరాబాదులో దక్కన్ మెడికల్ కాలేజీకి చెందిన డాక్టర్ సి.ఎం. హబీబుల్లా బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, కుళాయి నీళ్లు తాగేవారికంటే బావి నీళ్లు తాగేవారిలో క్రిమి ఎక్కువగా ఉన్నట్టు తేలింది. అదే ఏడు నియాజ్ అహ్మద్ తదితరులు మన దేశపు క్రిమి జన్యువుల్ని పరిశీలించి, వాటి మూలాలు ఐరోపా క్రిమి పూర్వీకులతో కలుస్తాయని చూపారు. మనిషి ఆఫ్రికా నుంచి బయలుదేరినప్పుడే ఇది మనిషి కడుపులో ప్రయాణం కట్టింది. కనుక ఇంట్లో ఎవరికైనా ఇది ఉందని తేలితే సిగ్గుపడవలసింది ఏమీ లేదు. నిందించవలసిన వారూ లేరు.

3. రెండో దారి: ఎగదన్నే ఆమ్లం

అన్నవాహిక అడుగున ఒక కండర వలయం ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకుని, మిగతా వేళల్లో బిగిసి ఉండాలి. పొట్ట పెరిగి లోపలి ఒత్తిడి ఎక్కువైనా, కడుపు పైభాగం డయాఫ్రం రంధ్రంలోంచి ఛాతీలోకి జారినా, కడుపు నిండా తిని వెంటనే పడుకున్నా ఆ బిగువు తప్పుతుంది. ఛాతీలో మంట, గొంతులోకి పుల్లటి నీళ్లు రావడం, తెల్లవారుజామున దగ్గు, ఇవి మీకు తెలిసినవే.

తెలియనిది ఒకటి చెబుతాను. అన్నం తిన్నాక కడుపులోని ఆమ్లం తిండితో కలిసి పలచబడుతుందని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. 2001లో గ్లాస్గోలో ఫ్లెచర్, మెకాల్ తదితర పరిశోధకులు పీహెచ్ కొలిచే తీగను కొద్దికొద్దిగా వెనక్కి లాగుతూ చూశారు. భోజనం తర్వాత కడుపు నడుమ ఆమ్లం పలచబడిన మాట నిజమే. కానీ సరిగ్గా పైఅంచున, ఆ కార్డియా పట్టీ దగ్గర, పీహెచ్ 2 కంటే తక్కువున్న పలచబడని ఆమ్లం నిలిచి ఉంది. కడుపు నిండా తిన్న వేళ, కిందంతా చల్లబడ్డాక కూడా, పైఅంచు మాత్రం ఘాటు ఆమ్లంలో నానుతూ ఉంటుందన్నమాట. కార్డియాలో శోథ ఎందుకు వస్తుందో చెప్పడానికి ఇంతకన్నా సూటి సాక్ష్యం నాకు తెలియదు.

అదే బృందం ఇంకో విషయం చూపింది. ఆకుకూరల్లో, నీళ్లలో ఉన్న నైట్రేటును నాలుక మీది సూక్ష్మజీవులు నైట్రైటుగా మారుస్తాయి. లాలాజలంతో దిగిన ఆ నైట్రైటు మొదటిసారి ఆమ్లాన్ని కలిసేది కూడా ఈ పట్టీ దగ్గరే. అక్కడ నైట్రిక్ ఆక్సైడు పెద్ద మోతాదులో పుడుతుంది. ఇది విని ఎవరూ ఆకుకూరలు మానకండి, వాటి మేలు చాలా పెద్దది. ఇంత చిన్న పట్టీమీద ఎన్ని రసాయనాలు పనిచేస్తున్నాయో చూపడానికే చెప్పాను.

మన జిల్లాల్లో ఈ రెండో దారి వెడల్పవుతోంది. జొన్నరొట్టె, అంబలి తిని పొలంలో వంగి పనిచేసిన తరం తర్వాత, కుర్చీలో కూర్చుని పనిచేసే తరం వచ్చింది. రాత్రి పది దాటాక భోంచేసి, ఫోను చూస్తూ నడుం వాల్చే అలవాటు పల్లెకూ చేరింది. నడుం తగ్గించుకోవడం, పడుకోవడానికి మూడు గంటల ముందే భోజనం ముగించడం, మంచం తలవైపు కాస్త ఎత్తు పెట్టుకోవడం, ఎడమవైపు తిరిగి పడుకోవడం, వీటివల్ల ఆమ్లం ఎగదన్నడం తగ్గుతుందని రుజువైంది. ఏ ఖర్చూ లేని వైద్యం ఇది.

4. ఇద్దరిలో ఎవరిది నేరం?

1997లో లాస్ ఏంజెలెస్ శస్త్రవైద్యుల బృందం, కార్డియాలోని శోథకూ కణాల మార్పుకూ ఎగదన్నే ఆమ్లమే కారణమని ప్రకటించింది. 1998లో క్లీవ్‌లాండ్ నుంచి గోల్డ్‌బ్లమ్ బృందం, ఆమ్లం ఎగదన్నే జబ్బున్నవారిలోనూ లేనివారిలోనూ కార్డియా శోథ ఒకే తీరుగా ఉందనీ, దాన్ని నిర్ణయించేది క్రిమేననీ రాసింది. ఏడాది తేడాతో, ఒకే పట్టీ గురించి, పేరున్న రెండు బృందాలు ఎదురెదురు తీర్పులు చెప్పాయి.

కృష్ణా తుంగభద్రలు కలిసిన తర్వాత, సంగమం దిగువన ఒక చెంబు ముంచి ఇది ఏ నది నీరో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? కాస్త పైకి వెళ్లి, ఏ నదికి వరద వచ్చిందో చూసి రావాలి. కార్డియా ముక్క కూడా అంతే. ఆ ఒక్క ముక్కతో తీర్పు చెప్పలేం. కడుపు కిందిభాగమైన ఏంట్రమ్ నుంచి, నడుమ భాగం నుంచి కూడా ముక్కలు కావాలి. అక్కడా శోథ ఉండి క్రిమి కనబడితే, కార్డియాలోని శోథ ఆ పెద్ద వ్యాధిలో భాగం. కింద అంతా శుభ్రంగా ఉండి, పైఅంచు ఒక్కటే ఎర్రబారి ఉంటే, ఆమ్లాన్ని అనుమానించాలి. లాస్ ఏంజెలెస్ వారు చూసింది ఎక్కువగా ఆమ్లం బాధతో శస్త్రవైద్యుడి దగ్గరికి వచ్చినవారిని. క్లీవ్‌లాండ్ వారు బాధ లేనివారిని కూడా పక్కన పెట్టుకుని పోల్చారు. చూసిన మనుషులు వేరు కాబట్టి తీర్పులు వేరయ్యాయి. ఇద్దరూ చూసింది నిజమే.

దీనికి గట్టి ఆధారం 2007లో నార్వే నుంచి వచ్చింది. తర్వాతి కాలంలో కార్డియా క్యాన్సర్ వచ్చినవారి రక్తాన్ని, జబ్బు రాకముందు ఎప్పుడో భద్రపరచిన సీసాల్లోంచి తీసి పరీక్షించారు. అందులో రెండు తెగలు తేలాయి. ఒక తెగవారికి క్రిమి వల్ల కడుపుపొర ముందే క్షీణించి ఉంది. రెండో తెగవారికి కడుపుపొర ఆరోగ్యంగా, ఆమ్లం పుష్కలంగా ఉంది. ఒకే చోట పుట్టే క్యాన్సర్‌కు రెండు వేరువేరు పుట్టుకలు. నా వాదనకు ఇదే ఆయువుపట్టు.

5. కణం రూపం మార్చుకున్నప్పుడు

ఇప్పుడు నా బల్ల దగ్గరికి రండి. రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క ఫార్మలిన్ సీసాలో వస్తుంది. మైనంలో బిగించి, మిల్లీమీటరులో రెండువందలవ వంతు మందాన కోసి, గాజుపలక మీద పరచి, రంగులు వేస్తాం. కణకేంద్రకాలు ఊదారంగులో, మిగతా భాగం గులాబీ రంగులో కనిపిస్తాయి. ఆరోగ్యమైన కార్డియాలో జిగురు నిండిన లేతరంగు కణాలు ఒద్దికగా వరసకట్టి ఉంటాయి. శోథ ఉంటే వాటి మధ్య ఖాళీల్లో లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు కిక్కిరిసిపోతాయి. న్యూట్రోఫిళ్లు గ్రంథి గోడలోకే చొచ్చుకుపోయి ఉంటే అది ఇప్పుడు రగులుతున్న శోథ. గీమ్సా రంగు వేస్తే, జిగురు అంచున మిల్లీమీటరులో మూడువందలవ వంతు పొడవున్న నీలపు వంకీలు కనిపిస్తాయి. అవే క్రిములు.

ఏళ్లు గడిస్తే ఇంకో దృశ్యం ఎదురవుతుంది. జిగురు కణాల వరసలో అక్కడక్కడ గుండ్రటి ఉబ్బెత్తు కణం నిలబడి ఉంటుంది. ఆల్షియన్ బ్లూ రంగు వేయగానే అది నిండు నీలంగా మెరుస్తుంది. అది గోబ్లెట్ కణం. ఉండవలసింది పేగులో, కనబడుతున్నది కడుపులో. పదేపదే దెబ్బ తిన్న గ్రంథిలోని మూలకణాలు, మామూలుగా పేగులో మాత్రమే పనిచేసే సీడీఎక్స్2 జన్యువును మేల్కొలిపి, పేగు కణాల్ని కనడం మొదలుపెడతాయి. దీన్నే ఇంటెస్టైనల్ మెటాప్లాసియా అంటాం. క్రిమి ఉన్న కడుపులోనూ ఇదే కనిపిస్తుంది, ఆమ్లం కాల్చిన అంచులోనూ ఇదే కనిపిస్తుంది. గీతకు పైన, అన్నవాహికలో కనబడితే దాన్ని బారెట్ అన్నవాహిక అంటారు. దాన్ని కనిపెట్టుకుని ఉండే పద్ధతి వేరు. ముక్క సరిగ్గా ఎక్కడ తీశారో ఫారంలో రాయమని మేం ఎండోస్కోపీ డాక్టర్లను బతిమాలేది ఇందుకే.

కొలంబియాకు చెందిన పెలాయో కొర్రియా 1975లో ఈ ప్రయాణాన్ని వరసగా చూపారు. దీర్ఘకాలిక శోథ, తర్వాత గ్రంథుల క్షీణత, ఆపైన పేగు రూపం, తర్వాత క్రమం తప్పిన పెరుగుదల, చిట్టచివర క్యాన్సర్. దీనికి దశాబ్దాలు పడుతుంది. చాలామంది మొదటి మెట్టు దగ్గరే జీవితమంతా ఆగిపోతారు. క్రిమి ఉన్న వందమందిలో క్యాన్సర్ దాకా వెళ్లేది ఒకరి నుంచి ముగ్గురు. మన దేశంలో క్రిమి ఇంత విరివిగా ఉన్నా, మిజోరం వంటి చోట్లు మినహా కడుపు క్యాన్సర్ తక్కువే. కాబట్టి రిపోర్టులో మెటాప్లాసియా అన్న మాట చూసి ఎవరూ బెంబేలెత్తవద్దు. అలాగని చెత్తబుట్టలో వేయవద్దు.

ఇందులో ఒక మెలిక ఉంది. పేగు రూపం దాల్చిన పొరలో ఈ క్రిమి ఇమడలేదు. జబ్బు ముదిరినకొద్దీ క్రిమి తగ్గిపోతుంది, పరీక్షలో కనబడకుండా పోతుంది. ఆలస్యంగా వెతికితే కారణం దొరకదు. తొందరగా వెతికి తీసివేస్తే లాభం ఎంతో తైవాన్‌లోని మత్సు దీవులు చూపాయి. అక్కడ 2004 నుంచి ఊరంతటికీ పరీక్షచేసి క్రిమికి మందిచ్చారు. తర్వాతి ఏళ్లలో కడుపు క్యాన్సర్ సగానికి పైగా తగ్గింది.

6. మిగిలిన కారణాలు, ఒక నిర్దోషి

మరికొన్ని కారణాలను క్లుప్తంగా చెబుతాను. మొదటిది నొప్పుల గోలి. పాలమూరు కూలీ దేశమంతటా ఆనకట్టలు కట్టాడు, కాలువలు తవ్వాడు. రాళ్లు మోసిన ఒంటి నొప్పికి డైక్లోఫెనాక్ గోలి వేసుకుని, తెల్లారి మళ్లీ పనికి వెళ్లాడు. కడుపు జిగురును, రక్తప్రసరణను కాపాడే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆ గోలి ఆపేస్తుంది. క్రిమి కూడా ఉన్నవాడు పరగడుపున రోజూ ఆ గోలి మింగితే పుండు పడే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇది ఆ కూలీ తప్పు కాదు. నొప్పికి కారణమైన పని పరిస్థితుల్ని, మందుచీటీ లేకుండా గోలీలు అమ్మే పద్ధతిని మనం ప్రశ్నించాలి.

బీడీ, సారా, మితిమీరిన ఉప్పు పొరను బలహీనపరుస్తాయి. కొందరిలో శరీరమే తన పెరైటల్ కణాలపై దాడిచేసి, కడుపు పైభాగాన్ని, నడుమ భాగాన్ని క్షీణింపజేస్తుంది. వారికి బి12 అందక రక్తహీనత, కాళ్ల తిమ్మిర్లు వస్తాయి. పైత్యరసం వెనక్కి తన్నడం వల్లా శోథ వస్తుంది.

ఇక మిరపకాయ. అయిజ, గద్వాల చేలల్లో ఎర్రగా ఆరబోసే మిరప మీద మనవాళ్లందరూ వేసే నింద ఇది. మిరపలోని క్యాప్సైసిన్ మంటను గ్రహించే నరాల్ని రేపుతుంది. అందుకే తిన్నాక మంట తెలుస్తుంది. కానీ పుండు మానడాన్ని అది అడ్డుకోదని 1984లో ఢిల్లీ వైద్యులు చూపారు. చిన్నపేగు పుండున్న రోగులకు మందుతోపాటు రోజుకు 3 గ్రాముల ఎర్రకారం ఇచ్చారు. కారం తిన్నవారికీ తిననివారికీ పుండ్లు ఒకేలా మానాయి. కారం తింటే బాధ పెరిగేవారు తగ్గించుకోండి, అది మీ సుఖం కోసం. కానీ తొక్కు మానేశాను కాబట్టి జబ్బు పోతుందని భరోసాతో ఉండిపోకండి.

7. మనం చేయవలసింది

మా దగ్గరికి వచ్చే ఫారాల్లో తరచూ ఒక వాక్యం ఉంటుంది: ఎన్నో ఏళ్లుగా కడుపుమంట, గ్యాస్ గోలీలు వాడుతున్నారు. ప్యాంటోప్రజోల్, ఒమెప్రజోల్ మంచి మందులు. రక్తం కక్కే పుండు నుంచి ప్రాణాలు కాపాడినవి. గుండెకు ఆస్పిరిన్ వాడే పెద్దలకు రక్షణగా డాక్టరు రాసినవి. అలాంటివారు ఈ ఉపన్యాసం విని వాటిని మానకూడదు. నా ఆందోళన కారణం తెలియకుండా సొంతంగా ఏళ్లతరబడి వాడేవారి గురించి.

ఎందుకంటే, క్రిమి ఉన్న కడుపులో ఆమ్లాన్ని దీర్ఘకాలం తగ్గిస్తే, కిందిభాగంలో ఉన్న శోథ పైకి, ఆమ్లం తయారయ్యే నడుమ భాగంలోకి పాకుతుంది. 1996లో నెదర్లాండ్స్‌లో ఆమ్లం ఎగదన్నే జబ్బుకు ఒమెప్రజోల్ వాడిన రోగుల్ని, స్వీడన్‌లో అదే జబ్బుకు ఆపరేషను చేయించుకున్న రోగుల్ని పోల్చారు. క్రిమి ఉండి గోలి వాడినవారిలో గ్రంథుల క్షీణత కనబడింది, ఆపరేషను వారిలో కనబడలేదు. దానిపై తర్వాత చర్చ జరిగింది. అయినా దీర్ఘకాలం ఈ గోలి అవసరమైనవారికి ముందు క్రిమి పరీక్షచేసి, ఉంటే తీసేయాలన్నది ఐరోపా నిపుణుల సలహా. మంట చల్లారింది కదా అని రోగి సంతోషిస్తున్నప్పుడు, లోపల పొర మెల్లగా మారిపోతూ ఉండవచ్చు. ఈ గోలి పరీక్షను కూడా ఏమారుస్తుంది. క్రిమి పరీక్షకు రెండు వారాల ముందు డాక్టరుకు చెప్పి దీన్ని ఆపాలి. యాంటీబయాటిక్ వాడి ఉంటే నాలుగు వారాలు ఆగాలి.

వైద్య విద్యార్థులారా, వనపర్తిలో, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మీ ముందు తరంలో ఈ పరీక్షకు హైదరాబాదో, కర్నూలో వెళ్లవలసి వచ్చేది. మలంలో క్రిమి యాంటిజెన్ పరీక్షకు ఎండోస్కోపీ అక్కర్లేదు. మీ వార్డుల్లో దాన్ని అలవాటు చేయండి. ముక్క తీస్తే పైనుంచి ఒకటి, నడుమనుంచి, కిందినుంచి విడివిడి సీసాల్లో పంపండి. క్రిమికి మందు రాస్తే పధ్నాలుగు రోజులూ పూర్తిగా వేయించండి. నాలుగు వారాల తర్వాత పోయిందో లేదో మళ్లీ పరీక్షించండి. మెట్రోనిడజోల్‌కు లొంగని క్రిములు మన దేశంలో ఇప్పటికే విపరీతం. సగం కోర్సు వేసి వదిలేస్తే వాటికి మనమే బలమిచ్చినట్టు.

మందుల షాపు నడిపే అన్నలకు, పల్లెల్లో మొదట రోగి ముఖం చూసే ఆర్ఎంపీలకు నా విన్నపం. మీరు రోగికి దగ్గరివారు, మీ మాట వింటారు. ఒకే మనిషి నెల తిరక్కుండా మళ్లీ అదే గోలికి వస్తే, ఇంకో షీటు ఇచ్చే ముందు పరీక్ష చేయించుకొమ్మని చెప్పండి. మింగడం కష్టమైనా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మలం తారులా నల్లగా వస్తున్నా, రక్తం కక్కినా, నడివయసు దాటాక కొత్తగా మంట మొదలైనా, ఆ రోజే ఆసుపత్రికి పంపండి.

ఇంటి పెద్దలకు చివరి మాట. చేతులు సబ్బుతో కడగడం, మరుగుదొడ్డి వాడటం, కుళాయి నీటిని శుభ్రమైన పాత్రలో మూతపెట్టి ఉంచడం, చంటిపిల్లలకు అన్నం నమిలి పెట్టకుండా వేలితో మెదిపి పెట్టడం, ఇవి వచ్చే తరం కడుపులకు మీరు చేయగల మేలు. ఈ తరానికి చేయగలిగింది ఇంకొకటి ఉంది. రేపు మీరు మంటతో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, ఏ గోలి వేసుకోవాలని అడిగే ముందు, ఇది క్రిమి వల్ల వచ్చిందా, ఆమ్లం ఎగదన్ని వచ్చిందా, నేను వాడే నొప్పుల గోలి వల్ల వచ్చిందా అని అడగండి. జవాబు వచ్చేదాకా అడగండి. అలా అడిగే హక్కు మీకుంది. ఆ ప్రశ్నకు పరీక్షచేసి జవాబు చెప్పే బాధ్యత మా వైద్యులది. ఈ మూడు జిల్లాల్లో ఆ ప్రశ్న మామూలైన రోజున, నా బల్ల మీదికి ఆలస్యంగా చేరే ముక్కలు తప్పక తగ్గుతాయి.